వంగని మెడ

ఆ రోజు నా చేతిలో టక్కుమన్నది చెక్కా, దాని లోపలి ఇనప కమ్మీనా, లేక ఏమీ అనకుండానే నా చెవికి అట్లా వినబడిందా? పదకొండేళ్ల పాటు నాకు తేలలేదు. తెల్లవారి తులసికోటలో నీళ్లు పోసేటప్పుడో, శనివారం చెన్నకేశవస్వామి గుడిలో సహస్రనామం చదివేవాళ్ల వెనక కూర్చున్నప్పుడో ఉన్నట్టుండి ఆ చప్పుడు గుర్తొస్తుంది. అందరూ ఏ నామం దగ్గరున్నారో నాకు తప్పిపోతుంది. మళ్లీ దొరకబుచ్చుకునేసరికి మంగళహారతి అవుతుంటుంది.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలకు చెక్క ఫ్రేములు బిగించి బతికినవాణ్ణి నేను. మూడెకరాల మెట్ట ఉంది, కందులు వేస్తాం, వానొస్తే పండుతాయి. ఏడో తరగతితో చదువు ఆగింది. పలక మీద రాసే పిల్లలు తగ్గాక ఫ్రేముల పని తగ్గింది. ఇప్పుడు ఇంటి పక్క రేకుల షెడ్డులో భజన మండళ్ల హార్మోనియం పెట్టెలు, మంచాలు, కుర్చీలు బాగుచేస్తుంటాను. పని ఉన్న రోజూ, లేని రోజూ ఒకే రకంగా అలిసిపోతున్నాను. వయసు అరవై ఒకటి.

శ్యాంసన్‌ది తర్లుపాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. తర్లుపాడుకూ మార్కాపురానికీ మధ్య సొంత ఆటో తోలుతాడు. ఆదివారం వాళ్ల చర్చిలో, పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. మామూలు గిటారుకు ఆరు సన్న తీగలుంటే దీనికి నాలుగు లావు తీగలు. మెడ పొడుగు. పాటలో అడుగున ఉండి మోస్తుంది. "మేము పాటలో వినబడం అన్నా. లేకపోతే మాత్రం ఏదో పోయిందని అందరికీ తెలుస్తది" అంటాడు శ్యాంసన్.

పదకొండేళ్ల కిందట, ఎండాకాలంలో, తన గిటారు తీసుకుని మా షెడ్డుకు వచ్చాడు. చాన్నాళ్లు కూడబెట్టి కొనుక్కున్నది. చెక్క మెడ, పసుపు రాసినట్టు నున్నగా ఉండేది.

"తీగలు జిర్రుమంటుండాయి అన్నా. ఈ మెడ లోపల ఒక కమ్మీ ఉంటది. ఈ ఎల్ కీ పెట్టి తిప్పితే సరవుతది అంటారు. నాకు భయం. నీ చెయ్యి మంచిది" అని వేలెడంత వంకర ఇనుము నా చేతిలో పెట్టాడు. దాని కొసకు ఆరు మూలలున్నాయి.

మా పనిలో చప్పుడుకు ఒకటే అర్థం. ఎండాకాలం చెక్క ఎండిపోయి ఫ్రేములో పలక వదులవుతుంది. పట్టుకుని ఊపితే లొడలొడమంటుంది. అప్పుడు మూలలు బిగించాలి. ముప్పై ఏళ్లు నేను చేసింది అదే. తీగ వెళ్లి మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టుకు తగిలి జిర్రుమంటుంటే నాకు ఫ్రేములో పలకే వినబడింది. కమ్మీని పావు చుట్టు బిగించాను. ఇంకా ఎక్కువ జిర్రుమంది. ఇంకో పావు బిగించాను. ఎల్ కీ జారి దాని మూలలు అరిగిపోయాయి. పట్టుకారు వేసి పట్టి ఇంకొంచెం తిప్పాను. అప్పుడు టక్కుమంది.

శ్యాంసన్ బయట టీ తాగుతున్నాడు. లోపలికొచ్చాక "అయిందా అన్నా?" అన్నాడు. "అయింది" అన్నాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. తీగల లాగుడికి మెడ విల్లులా ముందుకు వంగిపోయింది. కమ్మీని ఎటు తిప్పినా ఊరికే తిరుగుతోంది.

"తప్పు చెక్కదేనా అన్నా?" అని అడిగాడు. నన్ను అనుమానించి కాదు. రోగమేందో డాక్టర్ని అడిగినట్టు అడిగాడు.

"చెక్కదే. మన ఎండకు చెక్క నిలవదు తమ్ముడూ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. చెక్క పెట్టిన తిండి తిన్న నోరు. స్వామి ఊరేగే తేరు చెక్కదే, ఆయనెక్కే వాహనాలూ చెక్కవే. శ్యాంసన్ మాత్రం తల ఊపి, మెడ ఊడదీసి, "ఇది నీ కాడే పెట్టుకో అన్నా, దేనికన్నా పనికొస్తది" అని వదిలేసి, గిటారు మొండెం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మెడ పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టాను. తరవాత రెండు మూడు సార్లు "ఎల్ కీ నీ కాడే ఉండాల అన్నా, చర్చి గిటారుకైనా అక్కరకొస్తది" అన్నాడు. "కనబళ్లేదు" అన్నాను. మేకులూ మరలూ వేసే డబ్బా అడుగునే ఉంది. కొస అరిగిన కీ చేతికిస్తే ఎందుకు అరిగిందని అడుగుతాడు గదా.

ఆ తరవాత నేను ఏ గిటారూ ముట్టలేదు. ఆ మాట మాత్రం ఊరంతా తిరిగింది. ఎవరన్నా కొత్త గిటారు కొంటానంటే శ్యాంసన్ చెప్పేవాడు: "మన ఎండకు చెక్క నిలవదు. రంగన్న చెప్పినాడు."

మొన్న వైశాఖంలో ఒక పొద్దున ఆటో తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది.

"అన్నా, బుధవారం గిద్దలూరు పోదాం. నువ్వు రావాల. నల్ల మెడ గిటారు దొరికింది."

నల్ల మెడ సంగతి నాకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇరవై ఏళ్ల వయసులో గిద్దలూరులో ఒక పెళ్లికి పోయినప్పుడు, నరసింహం అని రైల్వేలో గార్డు, బేస్ వాయిస్తుంటే విన్నాడట. ఆ గిటారు మెడ చెక్కది కాదు, గ్రాఫైట్‌ది. రాత్రి మంచు పడినా, పగలు ఎండ కాసినా వంగదు, శ్రుతి జారదు. ఆ పెళ్లిలో భోజనానికి లేవకుండా స్టేజీ కింద కూర్చుండిపోయాడట. ఇప్పుడు ఆ నరసింహం రిటైరై, చేతులు వణుకుతుంటే గిటారు అమ్ముతానన్నాడు.

"అంత ఖర్చు ఎట్ల పెడతావు?" అన్నాను.

"ఆటో అమ్ముతున్నా. బేస్తవారిపేటలో శ్రీరాములని, కూరగాయల వ్యాపారం, ఆయన తీసుకుంటానన్నాడు. నేను బాడుగ ఆటో తోలుకుంటా. చెక్కది ఎన్ని కొన్నా నిలవదు గదా అన్నా, నువ్వే చెప్పినావు. ఒక్కసారి నిలిచేది కొనుక్కుంటే తీరిపోతది. నువ్వు వేలితో కొట్టి చూడు, పగులుంటే నీ చెవికి తెలుస్తది."

నా చెవి గురించి అతని నమ్మకం వేరే కారణంతో వచ్చింది. పలకను కొస పట్టి వేలి కణుపుతో కొడితే మంచిది ఖంగుమంటుంది, కంటికి కనబడని పగులుంటే బొంగురుగా పలుకుతుంది. ఫ్యాక్టరీలో ఏరివేతకు నన్ను కూర్చోబెట్టేవాళ్లు.

అతను వెళ్లాక మా ఆవిడ లక్ష్మీనరసమ్మ బియ్యం ఏరుతూ అంది. "కడుపు నింపే ఆటో అమ్మి తీగలు కొంటాడా? నువ్వేం చెప్పవా?"

"నేనేం చెప్పేది?"

"ఏందో ఒకటి చెప్పు. నీ మాటంటే వాడికి గురి."

అదే గదా నా బాధ అనుకున్నాను. పైకి అనలేదు. మంగళవారమంతా షెడ్డులో ఒక మంచం కోడు ముందేసుకుని కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. టక్కుమన్నది నా చెయ్యే అయితే చెప్పాలి. కాకపోతే? చెక్కకే లోపల పగులుంటే? తెలియని తప్పు నెత్తినేసుకుని అతని ఆశ చెడగొట్టడం న్యాయమా? స్వామిని అడిగాను. ఆయనెప్పుడూ మాట్లాడడు. ఆ రోజూ మాట్లాడలేదు.

బుధవారం పొద్దున బయల్దేరే ముందు మరలు వేసే డబ్బా కింద గుమ్మరించి ఎల్ కీ తీశాను. ఆకురాయి పట్టి కాసేపు దానితో కూర్చుని, చొక్కా జేబులో వేసుకున్నాను. ఏం చేద్దామని అంటే చెప్పలేను.

తర్లుపాడులో శ్యాంసన్ ఇంటి ముందు ఆటో ఆగింది. అతని భార్య సుధారాణి జాకెట్లు కుడుతుంది. టేపు మెళ్లో వేసుకునే బయటికొచ్చి నీళ్ల సీసా నాకిచ్చింది.

"అన్నా, ఈయనొక్కరే చెప్పుంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. మీరు అన్నారనే ఊ కొట్టినా. చెక్కది నిలవదని తెలిసినాక మళ్లీ మళ్లీ కొనేది ఎందుకు, అట్లనే కానీలే అనుకున్నా" అంది. "బాగా చూడండి. ఈయనకు నలుపు కనబడితే చాలు, ఇంకేం కనబడదు."

"నిన్ను చూసినప్పుడు కూడా అంతే గదా" అన్నాడు శ్యాంసన్.

"పో పో. ఈ బండెక్కి వేసే ఆఖరి జోకు అదే, వేసుకో" అంది నవ్వుతూనే. కానీ ఆటో కదిలినప్పుడు అద్దంలో చూశాను. గుమ్మంలోనే నిలబడి, టేపు కొస వేలికి చుట్టుకుంటూ ఆటో వైపే చూస్తోంది.

కంభం దాటేసరికి ఎండ ముదిరింది. రోడ్డుకు రెండు పక్కలా చేలు బోడిగా ఉన్నాయి. ఆటో మెత్త మీద నా నడుము కుదుళ్లు కదిలిపోతున్నాయి. బేస్తవారిపేటలో శ్రీరాములు ఆటో చుట్టూ రెండు సార్లు తిరిగి, టైర్లను కాలితో తన్ని చూసి, "బండి బాగుంది. పోయిరండి. సాయంత్రం ఇక్కడ తాళం ఇచ్చి మీరు బస్సెక్కండి" అన్నాడు. శ్యాంసన్ హ్యాండిల్ మీద దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. అమ్మేదాన్ని ఎందుకు తుడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

నరసింహం ఇల్లు గిద్దలూరు స్టేషన్ వెనక. బక్కపలచటి మనిషి, తెల్ల బనీను, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నా వణుకుతూనే ఉంది. మజ్జిగ ఇప్పించి, లోపల్నుంచి పెట్టె మోయించి, మంచం మీద తెరిచాడు.

నల్ల మెడ. నూనె రాసిన పలకలా ఉంది. కానీ పలకకు పొరలుంటాయి. దీనికి పొర లేదు, చెక్కలో ఉండే ఈనె లేదు, కన్ను లేదు. చెక్కను చూడగానే అది ఎటు పెరిగిందో, ఎక్కడ కొమ్మ వచ్చిందో చెప్పగలను. దీని మొహంలో ఏ కథా కనబడలేదు.

"ఇది రాయా సార్?" అని అడిగాను.

"గ్రాఫైటయ్యా. పెన్సిల్లో ముల్లు ఉంటుంది చూడు, అదే జాతి."

"బలపం లాంటిదా? బలపం పిల్లలు పట్టుకుంటేనే విరుగుతది గదా. దాంతో మెడ చేసినారా?"

నరసింహం చాలాసేపు నవ్వాడు. "మార్కాపురం మనిషివి అనిపించుకున్నావు. బలపం కాదు. దాన్ని నూలు పోగుల్లా సన్నగా తీసి, గుడ్డలా నేసి, జిగురులో తడిపి, అచ్చులో పెట్టి వేడి మీద గట్టిపరిచినారు. ఇనుము కన్నా తేలిక. లోపల కమ్మీ కూడా లేదు. అక్కర్లేదు."

"కొట్టి చూడన్నా" అన్నాడు శ్యాంసన్.

మెడ కింద ఎడమ చెయ్యి పెట్టి, కుడిచేతి కణుపుతో మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి కొట్టాను. మూడు చోట్లా ఒకటే పలుకు. మొదటి రకం పలకను చీల్చి తీసిన రోజు పలికినట్టు పలికింది. నా జన్మలో చెక్క ఏదీ మూడు చోట్ల ఒకటిగా పలకడం నేను వినలేదు. ఒంటి కంటితో మెడ వెంబడి చూశాను. నీటి మట్టంలా ఉంది.

"పగులు లేదు" అన్నాను.

శ్యాంసన్ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. నరసింహం గిటారుకు వైరు తగిలించి చిన్న స్పీకరు పెట్టె ఆన్ చేశాడు. శ్యాంసన్ కింది తీగను ఒక్కసారి మీటి వేలు ఎత్తకుండా ఉండిపోయాడు. ఆ పలుకు తగ్గదే. మంచం కోళ్ల గుండా వచ్చి నా అరికాళ్లకు తెలిసింది. నేను ఊపిరి రెండు సార్లు తీసుకున్నా అది ఇంకా ఉంది. తరవాత మెట్టు మెట్టుకూ వేలు జరుపుతూ పోయాడు. చెక్క మెడ మీద ఏదో ఒక మెట్టు దగ్గర పలుకు చచ్చినట్టు ఉంటుందని, వాయించేవాళ్లు ఆ చోటు తెలుసుకుని తప్పించుకుపోతుంటారని అతనే నాకు చెప్పేవాడు. దీని మీద తప్పించుకోవాల్సిన చోటు లేదు. శ్యాంసన్ కళ్లు మూసుకున్నాడు. చర్చిలో వాయించేదేదో వాయించాడు, మాటలు లేకుండా అడుగు భాగం మాత్రమే. ఇల్లు లేని పునాదిలా ఉంది. అయినా అందులో కూర్చోవాలనిపించింది.

స్వామిని మార్పు లేనివాడంటారు. దీన్ని చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. కానీ ఆయన కోరేది తులసి గదా, మధ్యాహ్నానికే వాడిపోయేది. మారనివాడికి మారేదాని మీద ఎందుకంత ప్రేమ? ఇట్లాంటివి నన్ను నేనే అడుగుతుంటాను. జవాబు చెప్పేంత చదువు నాకు లేదు.

శ్యాంసన్ వాయించడం ఆపి, "ఇదే సార్. పాతికేళ్లుగా చెవిలో ఉండేది ఇదే" అన్నాడు.

"ముప్పై ఏళ్లలో ఒక్కసారి దీని మెడ ముట్టుకోవాల్సిన పని పడలేదు" అన్నాడు నరసింహం. "చెక్కదైతే కాలానికోసారి చూసుకోవాలి. అదీ పెద్ద కష్టమేం కాదులే, తెలిసినవాడికి. వానాకాలం ముందుకు వంగితే కమ్మీ కొంచెం బిగించాలి. ఎండాకాలం చెక్క ఎండి వెనక్కి పోతుంది, తీగలు జిర్రుమంటాయి. అప్పుడు వదలాలి. తెలియనివాళ్లు జిర్రుమంటోందని ఇంకా బిగిస్తారు. కమ్మీ టక్కున తెగుతుంది. తెంపి, చెక్క మంచిది కాదంటారు."

నా చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. పదకొండేళ్ల సందేహం తీరడానికి అంతసేపే పట్టింది. తీరాక తేలికవుతుందని అనుకునేవాణ్ణి. కాలేదు. ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కి, అక్కడే పడుకోవాలనిపించింది.

"అట్ల కాదులే సార్" అన్నాడు శ్యాంసన్. "మన ఎండకు చెక్క నిలవదు. రంగన్న చెప్పినాడు."

"ఎవరా రంగన్న?"

శ్యాంసన్ నా వైపు చూపించాడు. నరసింహం కూడా నా వైపు చూశాడు. అప్పటికే శ్యాంసన్ చెయ్యి సంచిలోకి పోతోంది, బయానా ఇవ్వడానికి.

"ఆగు శ్యాంసన్" అన్నాను. "సార్ చెప్పినట్టు తెలియక బిగించినవాణ్ణి నేనే. ఎండాకాలం. వదలాల్సింది బిగించినా. టక్కుమనింది. నువ్వు బయట టీ తాగుతుండావు. అది కమ్మీనో చెక్కో నాకప్పుడు తెలియలా. తెలుసుకుందామనీ చూడలా. నువ్వు అడిగితే చెక్క మీద పెట్టినా."

శ్యాంసన్ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. బయట ఏదో రైలు ఆగి, కదిలి వెళ్లిపోయింది. నరసింహం వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు.

"పదకొండేండ్లు" అన్నాడు శ్యాంసన్ చివరికి.

"అవును."

"మా ఇంటికొచ్చి అన్నం తిన్నావు."

"తిన్నా."

"సుధకు కూడా అదే చెప్పినా నేను." అతను గిటారు వైపు చూసి మాట్లాడుతున్నాడు, నా వైపు కాదు. "కావాలని కొంటున్నా అంటే ఒప్పుకునేది కాదు. ఇంకో దారి లేదు, చెక్క నిలవదు అని చెప్పినా. అవసరం అని చెప్పినా. ఇప్పుడు చెక్క నిలుస్తదని తెలిసిపోయె. మరి ఇది ఏంది? నా చెయ్యి దీన్ని వదలట్లా. ఇది అవసరమా అన్నా?"

"కోరిక" అన్నాను.

"కోరికకు ఆటో అమ్మకూడదు గదా."

అవుననో కాదనో చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అతను కాసేపు మెడ మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. మీటలేదు. తరవాత లేచి దాన్ని పెట్టెలో పడుకోబెట్టాడు. పసిపిల్లను దించినట్టు దించాడు.

"సార్, మీ టైమంతా పాడుచేసినాను. ఇప్పుడు తీసుకోలేను."

నరసింహానికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన పెట్టె మూత వేసి, బొటనవేలితో గొళ్లెం నొక్కాడు. వణుకుకు రెండో ప్రయత్నంలో గాని పడలేదు.

"ఇది ముప్పై ఏళ్లు వంగలేదయ్యా. ఇంకో రెండేళ్లు మంచం కింద ఉంటే మాత్రం వంగుతుందా? నువ్వు కూడబెట్టుకో. ఎవరన్నా అడిగితే ముందు నీకు ఫోన్ చేస్తా" అన్నాడు. నా వైపు తిరిగి, "కమ్మీ కొత్తది వేయొచ్చు. మెడ వీపు పొడుగునా చీల్చి తీయాలి. చెక్క పనివాడివి గదా. ఆ మెడ ఉందా, పారేసినావా?" అన్నాడు.

"ఉంది సార్."

ఎట్లా చీల్చాలో, ఎక్కడ జిగురు పెట్టాలో ఒక పాత రైల్వే కాగితం వెనక వంకర గీతలతో గీసిచ్చాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఎల్ కీ వేలికి తగిలింది.

తిరుగు దారిలో శ్యాంసన్ బేస్తవారిపేటలో శ్రీరాములు కొట్టు ముందు ఆటో ఆపి, దిగకుండానే, "లేదన్నా, అమ్మడం లేదు. ఏమనుకోవద్దు" అన్నాడు. శ్రీరాములు ఏదో గొణిగాడు. పొద్దుటి నుంచి ఎదురుచూసినవాడు ఆ మాత్రం గొణగడం తప్పు కాదు.

కంభంలో టీ కొట్టు దగ్గర ఆపాడు. రెండు టీలు చెప్పాడు. నాకు చెప్పడనుకున్నాను.

"ఆ పొద్దున కూడా టీయే తాగుతుండినా" అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "లోపలికొచ్చి నీ మొహం చూసుంటే తెలిసేదేమో. నేను గిటారునే చూసినా."

"ఆ పొద్దునే చెప్పుంటే నువ్వు ఏమనేవాడివి?"

"తిట్టేవాణ్ణి. ఒక నెల మాట్లాడేవాణ్ణి కాదు. మళ్లీ వచ్చేవాణ్ణి, ఇంకెవురున్నారు?" టీ ఊదుకున్నాడు. "ఆ నెల ఇప్పుడు లెక్కేసుకుంటా. ఊరికే పోనీయను."

"సుధారాణికి ఏం చెప్తావు?"

"నువ్వే చెప్పు. నీ మాటనే నమ్మింది. ఈ మాట కూడా నువ్వే చెప్పు."

సరే అన్నాను. గుమ్మంలో టేపు మెళ్లో వేసుకుని ఆమె నిలబడటం కళ్లకు కట్టింది. ఆమె ముందు నిలబడి చెప్పడం ఇక్కడ చెప్పినంత తేలిక కాదు. కానీ అమ్మకుండా మిగిలిన ఈ ఆటోలోనే వెళ్లి చెప్తాను గదా, అదొక్కటి ఉంది.

"మెడ పంపించు, మొండెం మంచం కింద అట్లనే ఉంది" అన్నాడు.

"మెడ పంపను. కమ్మీ వేసి నేనే తెస్తా. రెండు నెలలు పడతది. వానలు ముదిరేలోపల."

టీ గ్లాసులు ఇచ్చేసి ఆటో ఎక్కాడు. నేను వెనక కాకుండా ముందు సీటులో అతని పక్కన సర్దుకుని కూర్చున్నాను. జేబులోంచి ఎల్ కీ తీసి అతని ముందు పట్టాను.

అతను వెంటనే తీసుకోలేదు. చూసి, ముందు నమ్మలేదు. తరవాత వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాడు.

"ఇది నాదే గదా. కనబళ్లేదన్నావు."

"ఉండింది. కొస అరగదీసినా గదా, అందుకని ఇయ్యలా."

"పొట్టిదయింది."

"అరిగినంత మేర పొద్దున రంపం బ్లేడుతో కోసేసినా. ఆకురాయి పెట్టి నున్నగా చేసినా. మూలలు ఆరూ ఉండాయి చూడు. పడతది."

బొటనవేలి గోరుతో ఒక్కొక్క మూలా తడిమాడు. ఆరు. చొక్కా జేబులో వేసుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు. ఆటో స్టార్ట్ చేసి తర్లుపాడు రోడ్డు పట్టించాడు.